స్మార్ట్ సేద్యం యాప్‌కు ఆన్‌బోర్డింగ్: ఇంటి పని ఇంట్లో, చేను పని చేలో

రైతు యాప్ దించుకునేది ఎక్కువగా ఇంట్లో, పొద్దుపోయాక, ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్‌లో. నేల తడి కొలిచే సెన్సర్ పాతేది చేలో, ఎండలో, మట్టి చేతులతో, సిగ్నల్ ఉందా లేదా అన్న స్థితిలో. ఈ రెండు పనుల్నీ కలిపి ఒకే వరసలో పన్నెండు స్క్రీన్లుగా పేరిస్తే యాప్ రెండు చోట్లా ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో కూర్చున్న మనిషిని పొలం హద్దుల వెంట నడవమంటుంది, చేలో నిలబడ్డ మనిషిని ఓటీపీ అడుగుతుంది. ఏ పని ఎక్కడ జరుగుతుందో విడదీసుకుంటే మిగతా డిజైన్ నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

1. ముందు చివరి స్క్రీన్ గీయండి

ఖాతా తెరవడంతో ఆన్‌బోర్డింగ్ (కొత్తవారిని యాప్ వాడకంలోకి తెచ్చే పని) అయిపోయినట్టు కాదు. రైతు తన చేను గురించి, తను వెళ్ళి చూసుకోగల ఒక మాట యాప్ నుంచి వినాలి. ఉదాహరణకు: "బావి పక్క చేలో 20 సెంటీమీటర్ల లోతున పదును ఉంది, ఇవాళ తడి అక్కర్లేదు." ఇలాంటి వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, అది తయారు కావడానికి ఏమేం కావాలో వెనక్కి లెక్కపెట్టండి.

వాన సూచనకు ఊరు తెలిస్తే చాలు. పంట ఏ దశలో ఉందో చెప్పాలంటే పంట పేరు, విత్తిన తేదీ కావాలి. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి ఆ పంట ఆధార ఉష్ణోగ్రతను (మొక్కజొన్నకు సాధారణంగా 10 డిగ్రీల సెల్సియస్) తీసేసి, మిగిలినదాన్ని విత్తిన రోజు నుంచి కూడుకుంటూ పోతే దశ తెలుస్తుంది. తేదీ పది రోజులు తప్పితే దశ కూడా ఆ మేరకు తప్పుతుంది. ఉపగ్రహ చిత్రానికి పొలం హద్దు కావాలి. తడి సలహాకు నేల రకం, సెన్సర్ పాతిన లోతు కావాలి.

ఇప్పుడు మీ ఫారంలోని ఒక్కో గడి దగ్గర ఆగి, ఇది ఏ వాక్యానికి పనికొస్తుందని అడగండి. జవాబు లేని గడి తీసేయండి. పుట్టిన తేదీ, ఈమెయిల్, పూర్తి చిరునామా సాధారణంగా ఇక్కడే రాలిపోతాయి. నవ్వుతున్న రైతు బొమ్మతో వచ్చే మూడు స్వాగత స్క్రీన్లు కూడా. వాటిని ఎవరూ చదవరు, "తర్వాత" బటన్ వెతుక్కుంటారు.

2. పనుల్ని రెండు కుప్పలు చేయండి

ఇంటి కుప్పలోకి వెళ్ళేవి: భాష, పంట, విత్తిన తేదీ, ఫోన్ నంబర్, మ్యాప్ దించుకోవడం, సెన్సర్ పెట్టె తెరిచి పరీక్షించడం, సెన్సర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. చేను కుప్పలోకి: హద్దు, సెన్సర్ పాతడం, గేట్‌వేతో (సెన్సర్ రీడింగులను ఇంటర్నెట్‌కు చేర్చే పెట్టె) సిగ్నల్ చూడటం, పాతిన చోటు ఫొటో.

ఇంటి పనులు ముగిసే స్క్రీన్ మీద "చేనుకు వెళ్ళే ముందు" అని చిన్న చీటీలాంటిది పెట్టండి: ఫోన్ ఛార్జింగ్ సగానికి పైగా ఉందా, మ్యాప్ దిగిందా, సెన్సర్ వెలుగుతోందా, గునపం లేదా ఆగర్ (గుంత తవ్వే బర్మా), ఒక బాటిల్ నీళ్ళు. చేను పని స్క్రీన్లు నెట్ అసలు లేకుండా మొదటి నుంచి చివరిదాకా నడవాలి. డేటా ఫోన్‌లోనే రాసుకుని, సిగ్నల్ దొరికాక పంపాలి. రికార్డుకు గుర్తింపు సంఖ్య సర్వర్ ఇచ్చేదాకా ఆగకుండా ఫోనే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య) పుట్టించాలి. లేకపోతే పంపడం మధ్యలో తెగి మళ్ళీ మొదలైనప్పుడు ఒకే చేను రెండు చేలుగా కనిపిస్తుంది.

మధ్యలో ఆపేసినా, ఫోన్ మాట్లాడి వచ్చినా, బ్యాటరీ అయిపోయినా, తెరవగానే ఆపిన చోటే తెరుచుకోవాలి. దీనికి ప్రతి స్క్రీన్ చివర సేవ్ చేస్తే సరిపోదు, ప్రతి జవాబు దగ్గరా సేవ్ చేయాలి.

3. భాష స్క్రీన్

ఫోన్ సెట్టింగుల్లో ఇంగ్లిష్ ఉన్నంత మాత్రాన మనిషికి ఇంగ్లిష్ కావాలని కాదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేసిన ఫోన్లు చాలా ఉంటాయి. అందుకే ఊహించకుండా అడగండి. ప్రతి భాష పేరూ దాని లిపిలోనే ఉండాలి, పక్కన నొక్కితే ఆ భాషలో ఒక్క మాట వినిపించే స్పీకర్ గుర్తు ఉండాలి. దేశాల జెండాలు వద్దు, భాషకు జెండా ఉండదు. భాష మార్చుకునే బటన్ ప్రతి స్క్రీన్ మీదా ఒకే మూలన ఉంచండి. తప్పు భాష నొక్కినవారు ఆ తప్పు భాషలో రాసిన సెట్టింగుల్లోంచి బయటపడలేరు.

తెలుగులాంటి లిపుల్లో గుడులూ వత్తులూ లైన్‌కు పైనా కిందా చోటు తీసుకుంటాయి. లైన్ ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి. బటన్ ఎత్తును గట్టిగా బిగిస్తే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల అడుగు తెగిపోతుంది.

4. నంబర్ అడగడం వెనక్కి జరపండి

పంట చెప్పగానే, లాగిన్ లేకుండానే, వారం వాతావరణం, పంట దశ చూపించండి. "ఈ వివరాలు పోకుండా దాచుకోవడానికి ఫోన్ నంబర్ ఇవ్వండి" అని తర్వాత అడిగితే కారణం కళ్ళముందే ఉంటుంది.

ఓటీపీ దగ్గర జరిగే పొరపాట్లు ఇవి. సిమ్ ఇంకో ఫోన్‌లో, ఎక్కువగా కీప్యాడ్ ఫోన్‌లో, ఉంటుంది. కాబట్టి అంకెలు చేత్తో కొట్టే దారి తప్పకుండా ఉండాలి, గడువు కనీసం 10 నిమిషాలు ఉండాలి. సందేశం ఆలస్యమైతే రైతు మళ్ళీ పంపమంటారు. అప్పుడు పాత ఓటీపీ రద్దవుతుంది, వచ్చేదేమో పాతదే. గడువు లోపల మళ్ళీ అడిగితే అదే ఓటీపీ పంపితే ఈ చిక్కు ఉండదు. ఆండ్రాయిడ్‌లో ఓటీపీని యాప్ తానే చదువుకోవడానికి ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ అడగకండి. గూగుల్ ఇచ్చే ఎస్ఎంఎస్ రిట్రీవర్ ఆ పర్మిషన్ లేకుండానే పనిచేస్తుంది. సందేశంలో యాప్‌కు చెందిన 11 అక్షరాల గుర్తు ఉండాలి, ఆ సందేశం కోసం యాప్ ఎదురుచూసే గడువు 5 నిమిషాలు. కుటుంబమంతా ఒకే ఫోన్ వాడుతుంటే ఒక నంబర్ కింద ఇద్దరు ముగ్గురి చేలు ఉంటాయి. ఒక నంబరంటే ఒకే రైతు అన్న లెక్కతో డేటాబేస్ కట్టకండి, తర్వాత విప్పడం కష్టం.

5. పర్మిషన్లు: అవసరం వచ్చిన క్షణానే

యాప్ తెరవగానే లొకేషన్, కెమెరా, నోటిఫికేషన్, బ్లూటూత్ వరసగా అడిగితే జనం వరసగా కాదంటారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక పర్మిషన్‌ను రెండుసార్లు కాదంటే సిస్టమ్ ఇక ఆ ప్రశ్నే చూపించదు, సెట్టింగుల్లోకి వెళ్ళాల్సిందే. అంటే మీకున్నది రెండు అవకాశాలు. క్యూఆర్ స్కాన్ నొక్కినప్పుడు కెమెరా అడగండి, హద్దు మొదలుపెట్టినప్పుడు లొకేషన్ అడగండి.

లొకేషన్‌లో ఇంకో మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి రైతు "సుమారు" లొకేషన్ మాత్రమే ఇవ్వవచ్చు. అప్పుడు ఫోన్ చెప్పేది దాదాపు 3 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఏదో ఒక చోటు. వాన సూచనకు అది చాలు, అక్కడ ఖచ్చితమైనదాని కోసం పట్టుబట్టకండి. హద్దుకు మాత్రం పనికిరాదు. ఏది ఇచ్చారో కోడ్‌లో చూసుకోకుండా హద్దు మొదలుపెడితే చేను పక్క ఊళ్ళో తేలుతుంది, రైతులు యాప్ పనికిరాదనుకుంటారు.

నోటిఫికేషన్లకు ఆండ్రాయిడ్ 13 నుంచి విడిగా అనుమతి కావాలి. మొదటి రీడింగ్ చూపించి, "పదును తగ్గినప్పుడు చెప్పమంటారా?" అని అడగడం మంచి సమయం.

6. పొలం హద్దు

మూడు దారులు ఇవ్వండి: విస్తీర్ణం అంకెల్లో చెప్పడం, మ్యాప్ మీద మూలలు నొక్కడం, గట్టు వెంట నడవడం. మొదటిదాన్నే ముందు పెట్టండి. హద్దు లేకుండానే యాప్ చాలా చెప్పగలదు.

మ్యాప్ పద్ధతికి చిత్రాలు ఇంట్లోనే దిగి ఉండాలి. 18వ జూమ్ స్థాయిలో ఒక మ్యాప్ పలక (మ్యాప్‌ను కోసిన చదరపు బొమ్మల్లో ఒకటి) భూమధ్యరేఖ దగ్గర సుమారు 153 మీటర్లు, కాబట్టి 2 కిలోమీటర్ల చదరానికి 200 పలకల లోపే. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ పలక చిన్నదై లెక్క పెరుగుతుంది. ఎలా చూసినా కొన్ని మెగాబైట్లకు మించదు. అయితే చాలా మ్యాప్ సేవల నిబంధనలు పలకల్ని గుత్తగా దించి దాచుకోవడానికి ఒప్పుకోవు, సేవ ఎంచుకునే ముందే అవి చదవండి. చిత్రం పాతదై ఉండొచ్చు, నరికేసిన చెట్టు అందులో ఇంకా నిలబడి ఉంటుంది. "ఈ చిత్రం పాతది కావచ్చు" అని ఒక మాట రాయండి.

నడిచే పద్ధతిలో అసలు సమస్య ఫోన్ జీపీఎస్ కచ్చితత్వం. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ తప్పు 5 మీటర్ల దాకా ఉంటుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. చిన్న చేనుకు ఇది ఎంత దెబ్బో లెక్కేయండి: 40 మీటర్ల చదరపు చేను 1,600 చదరపు మీటర్లు. నాలుగు వైపులా 3 మీటర్ల చొప్పున బయటికి జరిగితే 46 మీటర్ల చదరం, 2,116 చదరపు మీటర్లు. విస్తీర్ణం 32 శాతం పెరిగింది. ఆ విస్తీర్ణంతో ఎరువు మోతాదు చెబితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నిరంతరం నడక గీత గీయకుండా, మూల మూలకూ ఆగి "ఇక్కడ మూల" బటన్ నొక్కించండి. నొక్కాక 10 నుంచి 15 సెకన్లు నిలబెట్టి రీడింగుల సగటు తీసుకోండి. ఫోన్ తానిచ్చే కచ్చితత్వం అంకె 10 మీటర్లు దాటితే "ఇంకాస్త ఆగండి" అనాలి. ఆండ్రాయిడ్‌లో ఆ అంకెకు అర్థం నిజమైన చోటు ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతమని, హామీ కాదు. చివర్లో యాప్ లెక్క, రైతుకు తెలిసిన లెక్క పక్కపక్కన చూపించి "ఏది వాడమంటారు?" అని అడగండి. చాలాసార్లు రైతు చెప్పేదే సరైనది.

జీపీఎస్ మొదటిసారి పట్టుకోవడానికి నెట్ లేని చోట ఎక్కువసేపు పడుతుంది. ఒక్కో ఉపగ్రహం నుంచి కక్ష్య వివరాలు అందడానికే అరనిమిషం పడుతుంది. ఖాళీగా తిరిగే చక్రం బదులు "ఆకాశం కనిపించే చోట నిలబడండి, ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు" అని రాయండి.

ఉపగ్రహ చిత్రాలు చూపించే యాప్ అయితే ఇక్కడే ఒక నిజం చెప్పేయాలి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్లు. పైన చెప్పుకున్న చేనుకు దక్కేది 16 పిక్సెళ్ళు, వాటిలో గట్టుకు ఆనుకున్నవి 12. అంత చిన్న చేనుకు రంగుల మ్యాప్ చూపించడం కంటే చూపించకపోవడమే మర్యాద.

7. సెన్సర్ జత చేయడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి మీ సమయంలో సగం దీనికే కేటాయించండి.

సగం పని ఇంట్లో చేయించండి. పెట్టెలోంచి తీసి ఆన్ చేయగానే క్యూఆర్ స్కాన్ చేయించండి. క్యూఆర్ స్టిక్కర్ మట్టిలోకి పోయే భాగం మీద ఉండకూడదు. మూత మీద ఒకటి, పెట్టె మీద ఒకటి ఉండాలి. దిద్దుబాటు స్థాయి అన్నిటికంటే ఎక్కువది, అంటే హెచ్, వాడితే కోడ్‌లో సుమారు 30 శాతం చెడినా చదవగలదు. కింద ఆరు నుంచి ఎనిమిది అక్షరాల చిన్న కోడ్ అచ్చు వేయండి. అందులో సున్నా, ఓ అక్షరం, ఒకటి, ఐ అక్షరం లాంటి పోలికలు ఉండకూడదు. లోరావాన్ (తక్కువ బ్యాటరీతో దూరానికి పంపే రేడియో పద్ధతి) పరికరాల్లో గుర్తింపు 16 అక్షరాలు, రహస్య కీ 32 అక్షరాలు ఉంటాయి. వాటిని రైతు చేత కొట్టించే డిజైన్‌ను గీత దశలోనే చించేయండి.

తర్వాత గాలి, నీళ్ళ పరీక్ష. సెన్సర్ చేత్తో పట్టుకుంటే రీడింగ్ అడుగున ఉండాలి, దాని మీదున్న గీత దాకా మాత్రమే నీళ్ళలో ముంచితే పైకి లేవాలి. స్క్రీన్ మీద అంకె కదులుతుంటే రైతుకు పరికరం పనిచేస్తోందని తెలుస్తుంది, పాడైన పరికరం చేనుకు వెళ్ళకుండా ఆగుతుంది. గీత పైన ఉన్న సర్క్యూట్ భాగం తడిస్తే పాడవుతుందని బొమ్మలో ఎర్రగా చూపించండి.

వెతికినప్పుడు పరికరం కనిపించకపోతే "మళ్ళీ ప్రయత్నించండి" అనడం పిరికితనం. కారణాలు కొన్నే, ఫోన్‌కు అవి తెలుసు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా ఫోన్లలో లొకేషన్ ఆఫ్‌లో ఉంటే బ్లూటూత్ స్కాన్ ఫలితాలే రావు. జాబితా ఖాళీగా ఉంటుంది, కారణం మాత్రం కనిపించదు. యాప్ అది గమనించి "లొకేషన్ ఆన్ చేయండి, బ్లూటూత్ వెతకడానికి ఫోన్‌కు అది కావాలి" అనాలి. ఈఎస్‌పీ32 లాంటి చిప్‌తో చేసిన వైఫై సెన్సర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌కు కలవవు. సెన్సర్ సొంత హాట్‌స్పాట్‌కు ఫోన్ కలిపే పాత పద్ధతిలో, ఆ హాట్‌స్పాట్‌లో ఇంటర్నెట్ లేదని చూసిన ఫోన్ మొబైల్ డేటాకు మళ్ళుతుంది, జత తెగుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ బ్లూటూత్ ద్వారా అందించే పద్ధతి దీనికంటే నయం. రెండు సెన్సర్లు దగ్గర్లో ఉంటే "మెరుస్తున్నదే మీది" అనకండి, ఎండలో ఎల్‌ఈడీ కనిపించదు. బీప్ చేయించండి, లేదా దాని మీద బటన్ నొక్కమనండి.

చేలో పాతడం బొమ్మలతో, ఒక్కో స్క్రీన్‌కు ఒక్కో పనిగా:

చోటు ఎంచుకోవాలి. గట్టు పక్కన వద్దు, నీళ్ళు నిలిచే పల్లంలో వద్దు, డ్రిప్పర్ సరిగ్గా కింద వద్దు. చేను మొత్తానికి సగటుగా ఉండే చోట, రెండు మొక్కల మధ్య సాలులో.

గుంత తీసి సెన్సర్ దించి, తీసిన మట్టితోనే రాళ్ళు ఏరేసి గట్టిగా అదమాలి. సెన్సర్‌కూ మట్టికీ మధ్య గాలి సందు మిగిలితే నేల తడిగా ఉన్నా పొడిగా చూపిస్తుంది. వచ్చే తప్పుడు రీడింగుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. తర్వాత కొంచెం నీళ్ళు పోసి మట్టి కూర్చోనివ్వాలి.

లోతు అడగాలి. అంకె కాకుండా 10, 20, 30 సెంటీమీటర్ల బొమ్మ చూపించి ఎంచుకోమనండి.

యాంటెన్నా కోతనాటికి పంట ఎదిగే ఎత్తుకు పైన ఉండాలి. మొలక దశలో బాగా వచ్చిన సిగ్నల్, నిండుగా ఎదిగి తడిసిన ఆకుల మధ్య నుంచి రాదు. రెండు నెలల తర్వాత "సెన్సర్ పాడైంది" అని వచ్చే ఫిర్యాదుకు కారణం కొన్నిసార్లు ఇదే.

ఒక ఫొటో తీయించండి. దున్నేవారికి, కలుపు తీసేవారికి ఆ చోటు చూపించడానికి పనికొస్తుంది.

8. మొదటి రీడింగ్ దాకా

బ్యాటరీ మిగలడానికి సెన్సర్ అరగంటకో గంటకో ఒకసారి పంపుతుంది. పాతిన మనిషి మాత్రం అప్పుడే స్క్రీన్ చూస్తాడు. అందుకే పాతిన తర్వాత మొదటి పది నిమిషాలు రీడింగ్ త్వరత్వరగా పంపే విధానం పరికరంలోనే ఉండాలి. సిగ్నల్ లేకపోతే బ్లూటూత్‌తో ఆ రీడింగ్‌ను నేరుగా ఫోన్‌లో చూపించండి, "సర్వర్‌కు ఇంకా చేరలేదు" అని కూడా చెప్పండి.

కదిలిన మట్టి సర్దుకునేదాకా, వీలైతే ఒక తడి పడేదాకా, ఆ అంకెతో సలహా ఇవ్వకండి. "రెండు రోజులు నేలను చూస్తున్నాం, సలహా ఫలానా రోజు నుంచి" అని తేదీతో రాయండి. అంకె పక్కన మాట ఉండాలి: పొడి, పదును, తడి. "34 శాతం" అంటే బంకమట్టిలో ఒక అర్థం, ఇసుక నేలలో ఇంకొకటి. రైతు పిడికెడు మట్టి తీసి నలిపి చూసి "మీ యాప్ తప్పు" అని చెప్పే బటన్ ఒకటి పెట్టండి. అది మీ కాలిబ్రేషన్‌కు (రీడింగును అసలు నేలతో సరిచూసి దిద్దే పని) దొరికే మంచి సమాచారం.

9. ఎండ, వేలు, చెవి

అక్షరాల కాంట్రాస్ట్‌కు డబ్ల్యూసీఏజీ (అందరూ చదవగలిగేలా స్క్రీన్లు చేయడానికున్న అంతర్జాతీయ మార్గదర్శకాలు) కనీసం 4.5:1, పై స్థాయి 7:1. చేలో 7:1నే కనీసం అనుకోండి. వేడెక్కిన ఫోన్ తన వెలుగు తానే తగ్గించుకుంటుంది. బటన్లకు గూగుల్ డిజైన్ సూత్రాలైన మెటీరియల్ డిజైన్ చెప్పే 48 డీపీ (స్క్రీన్ సాంద్రత మీద ఆధారపడని కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, పొడి వేళ్ళకు. తడి, మట్టి వేళ్ళకు 60 దాకా వెళ్ళండి, పక్కకు జరపడం లాంటి సైగల మీద ఏ పనీ ఆధారపడనివ్వకండి.

ప్రతి స్క్రీన్‌కూ 15 సెకన్ల లోపు మనిషి గొంతుతో ఆడియో ఉండాలి. సెకనుకు 24 కిలోబిట్ల మోనోలో ఒకటి 45 కిలోబైట్లు, ఇరవై స్క్రీన్లకు 900 కిలోబైట్లు. ఇంత చిన్నదాన్ని యాప్‌లోనే పెట్టేయండి. "సింక్ అవుతోంది" బదులు "పంపుతోంది" అనండి.

10. పరీక్ష, కొలత

ఆఫీసులో పరీక్షించే ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చేలో నిలబడి చేసి చూడండి. మధ్యాహ్నం పూట, తక్కువ ధర ఫోన్‌తో. ఆ తర్వాత ఐదుగురు రైతుల్ని ఒంటరిగా చేయనిచ్చి పక్కన మౌనంగా నిలబడండి. సాయం చేయాలని చెయ్యి చాచిన ప్రతి చోటూ రాసుకోండి.

కొలతలో నిమిషాలు చూడకండి, రోజులు చూడండి. ఇంటి పని ముగిసినవారిలో ఎంతమంది ఎన్ని రోజుల్లో మొదటి రీడింగ్ చూశారన్నదే అసలు లెక్క. నెట్ లేనప్పటి ఘటనలు ఆలస్యంగా చేరతాయి, ఫోన్ గడియారం తప్పుగా ఉండొచ్చు. అందుకని జరిగిన సమయం, సర్వర్‌కు చేరిన సమయం రెండూ దాచండి. లేదంటే పాతిన రోజు కంటే ముందే రీడింగ్ వచ్చిన సెన్సర్లు కనిపిస్తాయి.

11. పంట మారినప్పుడు

కోత అయ్యాక, దుక్కి దున్నే ముందు సెన్సర్ తీయాలి. ఇది గుర్తు చేయకపోతే నాగలి గుర్తు చేస్తుంది. పంట కాలం ముగిసే వారం ముందు నోటిఫికేషన్‌తో పాతిన చోటు ఫొటో కూడా పంపండి.

ఆ తర్వాత కొన్ని నెలలు యాప్ తెరవరు. ఆండ్రాయిడ్ 11 నుంచి, అలా వాడకుండా వదిలేసిన యాప్‌కు ఇచ్చిన పర్మిషన్లను సిస్టమ్ వెనక్కి తీసుకుంటుంది. 12 నుంచి యాప్‌ను నిద్రపుచ్చుతుంది. అప్పుడు పుష్ నోటిఫికేషన్లు రావు, క్యాష్‌లో (ఫోన్ తాత్కాలిక నిల్వ) ఉన్న ఫైళ్ళు పోతాయి. మ్యాప్, చేను వివరాలు క్యాష్‌లో దాచి ఉంటే కొత్త పంటనాటికి అవేవీ ఉండవు. వాటిని శాశ్వత నిల్వలో ఉంచండి, దుక్కి రోజుల్లో "రండి" అనే పిలుపు ఎస్ఎంఎస్‌గా పంపండి. తిరిగి తెరిచినప్పుడు మొదటి రోజు అడిగినవన్నీ మళ్ళీ అడగొద్దు. మూడు ప్రశ్నలు చాలు: ఈసారి ఏ పంట, ఎప్పుడు విత్తారు, సెన్సర్ అదే చోట పెట్టారా. మూడోదానికి "కాదు" అంటే పాత రీడింగుల గ్రాఫ్‌ను అక్కడితో ఆపి, కొత్త చోటికి కొత్త గ్రాఫ్ మొదలుపెట్టండి.